ఫిబ్రవరి ఫొటో

గేటుకి ప్లాస్టిక్ కవర్లో పెట్టి కట్టిపోయారు నోటీసు.
వాన లోపలికి దిగి
సంతకం నీలంగా కారిపోయింది గానీ
"నిరుపయోగంగా ఉన్న భూమి" అన్న మాట మాత్రం
చెక్కుచెదరలేదు.

కింద ఒక ఫొటో. మా టానరీ లేన్ తోటలదే.
ఫిబ్రవరి ఎనిమిది, మధ్యాహ్నం మూడున్నర.
వుల్వర్‌హాంప్టన్‌లో ఆ వేళకి
వెలుతురు కూడా డ్యూటీ దిగే మొహంతో ఉంటుంది.
నల్లమట్టి, వంగిన కంచె, బోర్లించిన బకెట్.
ఖాళీ అట.

ఆ బకెట్ బెరిల్‌ది.
దాని కింద చీకట్లో రూబార్బ్ కాడలు
గులాబీ రంగులో ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తున్నాయి.
ఆ నల్లమట్టిలో, నవంబరు చివర్లో నేను గుచ్చిన వెల్లుల్లి,
నూట నలభై రెబ్బలు,
ముక్కు పైకి పెట్టి, ఒక్కోదానికీ జానెడు ఎడం.
ఫొటో తీసినాయన బూటు అంచు
మూడో వరస మీదే ఉంది, చూడండి.

నేను ఇరవై ఆరో నంబరు బస్సు నడుపుతాను.
ఖాళీ అంటే ఏమిటో నాకు తెలుసు.
ఆఖరి ట్రిప్పులో అద్దంలోకి చూస్తే
సీట్లలో మనుషులుండరు,
మనుషుల వెచ్చదనం ఉంటుంది,
ఒంటి గ్లవ్, నలిగిన టికెట్,
ఎవరో ఒలుచుకుతిన్న నారింజ వాసన.
డిపోలో మాత్రం రాసుకుంటారు: ఖాళీ.

నాది పది రాడ్ల నేల.
రాడ్డంటే ఇక్కడి పాత కొలత. మన లెక్కలో మొత్తం ఆరు సెంట్లు.
ఏడేళ్లు వెయిటింగ్ లిస్టులో నిలబడి తెచ్చుకున్నాను.
తాళంచెవి చేతికొచ్చిన రోజున ఉన్నదల్లా
మొలలోతు ముళ్లకంప, ఒక బాత్‌టబ్బు,
ఒక సైకిలు అస్థిపంజరం.
ఇప్పటికీ పార వేసినప్పుడల్లా ఒక పింగాణీ పెంకు పైకొస్తుంది,
నాకంటే ముందు ఎవరో ఇక్కడ టీ తాగారని.

పక్క మడి క్లోవిస్‌ది.
మొదటి వేసవిలో కంచె మీంచి ఒక కట్ట అందించాడు, "కాలలూ" అని.
చూద్దును కదా, తోటకూర!
నేను తోటకూర అన్నాను, ఆయన కాలలూ అన్నాడు,
కాసేపు పోట్లాడుకున్నాం.
ఆయన ఉప్పుచేపతో వండి, నేను పప్పులో వేసి
మర్నాడు డబ్బాలు మార్చుకున్నాం.
ఆయన మోకాలి ఆపరేషనప్పుడు
తోఫజ్జుల్ గారు తన సొరపాదుతో పాటు
ఆ మడికీ నీళ్లు పోశారు, పదకొండు వారాలు.
ఇదంతా ఫొటోలో పడదు, నిజమే.

ఇళ్లు అక్కర్లేదని నేననను.
మా డిపోలో ఫెలిసిటీ ఇద్దరు పిల్లలతో ఒక్క గదిలో ఉంటోంది.
కానీ రోడ్డవతల మూతబడ్డ సూపర్‌మార్కెట్టు ఉంది,
దాని పార్కింగు తారు పగుళ్లలో పదేళ్లుగా గడ్డి.
దాన్నెవరూ ఖాళీ అనరు.
దానికి యజమాని ఉన్నాడు.

మంగళవారం మీటింగు. మనిషికి మూడు నిమిషాలు.
బెరిల్‌కి ఎనభై మూడేళ్లు, కోటు గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుని
లేచి, నోరు పెగలక కూర్చుంది.
క్లోవిస్ అరిచాడు, మైకు ఆపేశారు.
నేను రాసుకెళ్లిన కాయితం మడిచి
ఒక్కటే అడిగాను:
వెల్లుల్లి ఏ నెలలో తవ్వుతారో
ఈ బల్ల చుట్టూ ఎవరికైనా తెలుసా?

తొమ్మిది మంది. ఎవరూ కదల్లేదు.
చివర్న మినిట్స్ రాసే కుర్రాడు
పెన్ను ఆపి, మెల్లగా, "జూలై" అన్నాడు.
వాళ్ల నానమ్మకి ఉండేదట ఒక మడి.
ఇప్పుడక్కడ రింగు రోడ్డు.

ఓటు వేయలేదు. సెప్టెంబరుకి వాయిదా.
గెలిచామని ఎవరూ అనుకోలేదు.
బస్టాపులో బెరిల్ మాత్రం
గుండీలన్నీ విప్పి, మళ్లీ సరిగ్గా పెట్టుకుంది.

నిన్న గేటుకి నేనూ ఒకటి కట్టాను,
వాన దిగకుండా రెండు కవర్లు వేసి:

ఫొటోలు తీసేవారికి మనవి.
జూలైలో రండి. పాత బూట్లు వేసుకోండి.
మూడో వరసలో
మీరు తొక్కినవి కూడా మొలిచాయి.